కూయని సైరన్

ఎయిర్ ఫ్రయర్ బుట్ట బయటికి లాగగానే శ్రావణికి ఒళ్లు మండిపోయింది. ఫ్రీజర్‌లోంచి తీసి కాల్చడానికి పెట్టిన పచ్చి పిండి బిస్కెట్లన్నీ బొగ్గులై ఉన్నాయి.

"అమ్మా! పది నిమిషాలకే తీసెయ్యమని సెప్పి కదా స్నానానికెళ్లినాను? టైమర్ మీట ఆఖరిదాకా తిప్పేసినావేటి?"

"అరవకే. పెళ్లై ఈ క్వార్టర్‌కొచ్చిన కాడినుంచి నా వంటకి వర్క్‌షాప్ సైరనే గడియారం. సాయంత్రం సైరన్ కూస్తే తీసేద్దామనుకున్నాను. అది కూయనేదు."

"ఎలా కూస్తాదమ్మా? ఈయేళ ఆదివారం! వర్క్‌షాప్‌కి సెలవు!"

"నాకేటి తెల్సు?"

"వర్క్‌షాప్‌లో నాతో పనిచేసీవోళ్లు టీకి వచ్చేస్తన్నారు. వాళ్లకి ఈ మసి పెట్టమంటావా?"

"వరండాలో మీ నాన్న కాళ్లు సాపుకుని కూకున్నాడు కదా, వెళ్లి ఆయన మీద అరుసుకో."

"మధ్యలో నాన్నేటి సేసినాడు? రిటైరైన మనిషి, ఆయనకి రోజూ ఆదివారమే. నీకైనా గుర్తుండొద్దా?"

తల్లి సింహాచలమ్మ చేతిలోని మసిగుడ్డను గట్టు మీద విసిరికొట్టింది.

"ఆయనకి రోజూ ఆదివారమే. నాకెప్పుడొచ్చిందే ఆదివారం, గుర్తుండడానికి?"