బోర్డు మీది బిడ్డ

మతం మారదలచిన వాళ్ళ ఫొటోలు అంటించే ఆఫీసు బోర్డు అది. ముసలి దర్జీ దాని ముందునుంచి కదలడం లేదు. బల్ల వెనకనుంచి గుమస్తా విసుక్కున్నాడు.

“చేత్తో ముట్టకు పెద్దాయనా.”

“ఎవరో మొహం మీద ఉమ్మేశారు బాబూ. తుడుస్తున్నానంతే.”

“ఆ నవ్వే పిల్లేనా? నీ కూతురా?”

“ఒక్కతే.”

“అడ్డు చెప్పేవాళ్ళకి పక్క కిటికీ. అటు పో.”

“అడ్డు చెప్పడానికి కాదు. ఔనని చెప్పి పోదామని.”

“తండ్రివై ఉండి ఔనంటావా!”

“ఇష్టమై కాదులే. ఇల్లు విడిచి పోయింది మొదలు దాంతో మాటల్లేవు నాకు... బాబూ, రాజ్యాంగమంటారే, అందులో ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చని ఉందటగా?”

“ఎందుకు లేదూ, నిక్షేపంలా ఉంది.”

“మరి ఈ బోర్డేంటి?”

“ఉందిగానీ... నెల్లాళ్ళు ఇక్కడ వేలాడాలి. ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఆఫీసరు సంతకం పెట్టాలి. ఆ తర్వాత స్వేచ్ఛే.”

“బాగుంది. చొక్కా నాదే, తొడుక్కోడానికి మాత్రం ఊరంతా ఒప్పుకోవాలి.”

“నన్ను నవ్వించకు పెద్దాయనా. పిల్లని రమ్మను, మాట్లాడదాం.”

“అది రాలేదు.”

“ఏం, ఒంట్లో బాగాలేదా?”

“జ్వరం... ఉండేది.”

“ఉండేదంటే? తగ్గిందా?”

“బిడ్డే పోయింది బాబూ. తెల్లవారుజామున. ఆసుపత్రి కబురు నా కొట్టుకొచ్చింది.”

“అయ్యో... కూర్చో. ముందు కూర్చో.”

“కూర్చుంటే లేవలేను. సాయంత్రంలోగా తీసుకుపొమ్మన్నారు. ఎక్కడికని తీసుకుపోను? మా శ్మశానం పెద్దలేమో, బోర్డెక్కిన పిల్ల మాది కాదు పొమ్మన్నారు. ఆ మతం పెద్దలు పాపం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సంతకం లేకుండా గొయ్యి తీస్తే మమ్మల్ని జైల్లో పెడతారయ్యా అన్నారు.”

“ఒక పని చేస్తా. ఈ కాయితం చింపేస్తా. గాలికి పోయిందంటా. అప్పుడు మీ పిల్లే, మీ మట్టే.”

“వద్దు.”

“ఎవరికి తెలుస్తుంది—”

“వద్దు బాబూ. బతికుండగా దాని మాట చెవిన పెట్టలేదు. ఇప్పుడైనా అది కోరిన చోట పడుకోనీ.”

“సరే. నెల నిండకపోయినా సంతకం పెట్టమని ఆఫీసరు కాళ్ళైనా పట్టుకుంటా. కానీ... దీనికి ఒక అడ్డు పడింది పెద్దాయనా. అది ఉండగా ఆయన సంతకం పెట్టలేడు. చెప్పినవాళ్ళే వచ్చి వెనక్కి తీసుకోవాలి. ఎవరో తెలుసా?”

“వాళ్ళమ్మే. అడ్డు పడితే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే పిల్ల మనసు మారి ఇంటికొస్తుంది అనుకుంది పిచ్చిది.”

“ఇంకేం, పిలుచుకురా మరి. ఇల్లు దూరమా?”

“దగ్గరే. వాళ్ళమ్మకి ఇంకా చెప్పలేదు. ఆఫీసుకెళ్ళొస్తానంటే, బిడ్డని తీసుకొస్తాననుకుంది. దాని దుప్పటి ఎండలో ఆరేసి, గుమ్మంలో నిలబడుంది... ఏమని చెప్పి పిలుచుకురాను?”