పక్క సీటు పెడల్

డ్రైవింగ్ స్కూలు కారును ఖాళీ రోడ్డు మీదికి తెచ్చి, మెకానిక్ మళ్లీ మొదటి గేరు వేశాడు. స్కూలు నడిపే మాస్టారి కూతురు వెనక సీట్లో కూర్చుంది.

"చూశారా బాబాయ్, కదిలేటప్పుడు ఎలా వణుకుతోందో!"

"క్లచ్ ప్లేటు కొత్తది వేశాను. ఆయిలు మరక లేదు, బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. ఇంకేం మిగిలిందమ్మాయ్?"

"నాన్న పెడల్."

పాఠం చెప్పేటప్పుడు మాస్టారు కూర్చునే పక్క సీటు ముందున్న రెండో క్లచ్ పెడల్ కేసి అతను వంగి చూశాడు. తన క్లచ్ మీంచి కాలు తీసేసినా అది సగం దాకా దిగి, సన్నగా అదురుతోంది.

"ఎవరో నొక్కిపట్టినట్టుందేంటి?"

"నేర్చుకునేవాళ్లు తొందరపడితే నాన్న అలాగే ఆపేవారు."

"మీ నాన్న పక్షవాతంతో మంచాన పడ్డాడు కదమ్మా! వేలైనా కదపలేడన్నావు."

"కదపలేరు. కానీ కారు తీసినప్పుడల్లా ఎడమ కాలు పరుపులోకి నొక్కుతున్నారట. అమ్మ చెబితే నమ్మలేదు."

ఆమె ఇంటికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"అమ్మా, నాన్న ఏం చేస్తున్నారు?"

"మళ్లీ కాలు బిగబట్టి నొక్కుతున్నారే. పిలిచినా పలకరు. అదిగో, ఇప్పుడే వదిలేశారు."

మెకానిక్ చూస్తుండగానే పెడల్ మెల్లగా పైకి లేచింది. కారు వణుకు లేకుండా సాగింది. అతను వెంటనే బ్రేకు వేసి, ముఖాన చెమట తుడుచుకున్నాడు.

"ఆ పెడల్ ఊడదీసేస్తానమ్మా. పీడా పోతుంది."

"వద్దు బాబాయ్," అందామె. "ఆయనలో కదిలేది ఇంక ఆ కాలొక్కటే."