కళ్ళుమూసుకోండి టీచరమ్మగారి చెంబు

పంతొమ్మిదివందల తొంభైమూడు సెప్టెంబరు రెండవ తేదీ, గురువారం ఉదయం, చేతిలో నియామకపత్రం, భుజాన గుడ్డసంచితో మన మ్యూజియం విద్యావిభాగంలో తాత్కాలిక సహాయకురాలిగా అడుగుపెట్టిన టీచరమ్మగారు, సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికలో తక్కిన పుటలన్నీ ఈ దేశపు భాషలో ఉన్నాయి. వారి కుటుంబం చదువుకునేందుకు ఒక్క పుటైనా తెలుగులో ఉండాలని డైరెక్టరుగారు సంకల్పించగా, ఈ భవనంలో వారు కాక తెలుగు వచ్చిన మనిషి ఇంకొక్కడే ఉన్నందున, ఆ పని గ్యాలరీ కాపలాదారు మెడకు చుట్టుకుంది. కాపలావాడికి రాతకోతలేమిటని ఎవరైనా మూతి ముడిస్తే ముడవనివ్వండి. ఇన్నేళ్ళూ పొద్దున్నే వారికి తలుపు తీసింది అతడే.

విద్యావిభాగమంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే కొలువు కాదు. గాజు అద్దాల వెనుక ఉన్న ప్రాచీన వస్తువులను చూసి ఆవులించే బడిపిల్లలను కూడగట్టి, ముట్టుకునే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వస్తువును వారి చేతుల్లో పెట్టి, చరిత్రపై మమకారం కలిగించవలసిన గురుతర బాధ్యత అది. 'కళ్ళు మూసుకోండి' అన్న మాటతోనే టీచరమ్మగారి ప్రతి పాఠమూ మొదలయ్యేది. చేతికి తగిలినదేమిటో పిల్లలు తడిమి చెప్పాలి. అందుకే వారికి 'కళ్ళుమూసుకోండి టీచరు' అన్న పేరు స్థిరపడిపోయింది. ఈ పద్ధతిని మెచ్చి పై ఊళ్ళ మ్యూజియంలవారు వచ్చి నేర్చుకుని వెళ్ళారు. దాని పుట్టుక గురించి టీచరమ్మగారే కాపలాదారుతో నవ్వుతూ చెప్పేవారు. "అప్పటికి నాకు వీళ్ళ భాష నోరు తిరగదు తమ్ముడూ. పిల్లలు గుడ్లప్పగించి నా మొహమే చూస్తుంటే, వచ్చిన నాలుగు ముక్కలూ మర్చిపోయేదాన్ని. అందుకని ముందు వాళ్ళ కళ్ళు మూయించేశా!"

తొలి సంవత్సరంలోనే ఒక విచిత్రం జరిగింది. బల్లకోసం తెప్పించిన పాత్ర సమయానికి చేరలేదు, బడివాళ్ళేమో వచ్చేస్తున్నారు. టీచరమ్మగారు ఇంటినుంచి తమ ఇత్తడిచెంబు తెచ్చి బల్లపై పెట్టారు. విదేశ ప్రయాణానికి బయలుదేరేటప్పుడు వారి తల్లిగారు పెట్టెలో చీరల మధ్య దాచి పంపిన చెంబది. ఆ వారాంతమే, బల్లమీది వస్తువులన్నిటికీ సంఖ్యలు వేయవలసిందని ఉత్తర్వు వచ్చింది. మ్యూజియం వస్తువుల పద్దు రాసే మన రిజిస్ట్రారుగారు చేతిలో కుంచె ఉంటే ఎదురొచ్చిన పిల్లికి కూడా నంబరు వేసే మనిషి. చెంబు అడుగున తెల్లరంగుతో నంబరు రాసి, పైన వార్నిషు పూసి, ఆరబెట్టేశారు.

"అయ్యో, అది మా ఇంటి చెంబండీ!" అన్నారు సోమవారంనాడు టీచరమ్మగారు.

"పొరపాటైంది, ఒప్పుకుంటాను. కానీ నంబరు పడ్డాక అది మ్యూజియం సొత్తు. గేటు దాటడానికి వీల్లేదు," అన్నారాయన.

"పోనీలెండి, ఇంట్లో ఇంకోటుంది," అనేశారు వారు. ఇంట్లో ఇంకోటి లేదు. ఉద్యోగమింకా పక్కా కాని కొత్తమనిషి, పేచీ పెట్టుకోలేకపోయారు. ఇంజనీరైన భర్తగారు మాత్రం ఆ సంగతి విని పగలబడి నవ్వారట. "నీకింకా టెంపరరీయే. నీ చెంబుకి అప్పుడే పర్మనెంటు అయిపోయిందే!"

అనంతరకాలంలో వారి ఉద్యోగమూ స్థిరమైంది, పదోన్నతి వచ్చింది, విభాగానికి వారే పెద్దదిక్కయ్యారు. ఆ సంతోషం పంచుకోవలసిన భర్తగారు అనారోగ్యంతో అకాలంగా కన్నుమూశారు. ఏకైక కుమార్తె చదువు ముగించి, పెళ్ళి చేసుకుని, దూరనగరంలో స్థిరపడ్డారు. నాటినుంచి టీచరమ్మగారు మ్యూజియం తెరవకముందే రావడం అలవాటు చేసుకున్నారు. వచ్చి, ముట్టుకునే బల్లదగ్గర కూర్చుని, చెంబును ఒళ్ళో పెట్టుకునేవారు. "పొద్దున్నే ఎవరితోనైనా రెండు తెలుగుముక్కలు మాట్లాడకపోతే నోరు చేదెక్కినట్టుంటుందయ్యా," అని కాపలాదారుతో అనేవారు. రోజంతా పిల్లల కేరింతల నడుమ ఉండే మనిషికి సాయంత్రం తాళంచెవి తిప్పగానే చీకటిగది ఎదురవుతుందని మాకందరికీ తెలుసు. తెలిసీ, రేపు కలుద్దామని చేతులూపి ఎవరిదారిన వాళ్ళం పోయేవాళ్ళం. పిల్లలైనా ఎప్పటికప్పుడు కొత్తవాళ్ళే, ఒకసారి వచ్చిన బడి మళ్ళీ వచ్చేసరికి వాళ్ళు ఎదిగిపోయి ఉండేవారు.

ఆ చెంబుకొక సొట్ట ఉంది. అదెలా పడిందని అడగని పిల్లలు లేరు. ఒకరికి ఏనుగు తొక్కిందని, ఇంకొకరికి రాణిగారు అలిగి విసిరేశారని, రోజుకో కథ అల్లేవారు టీచరమ్మగారు. మొన్న జరిగిన చివరి పాఠంలో ఒక పాప అడిగినప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు. "మేం ఈ దేశం వచ్చినరోజు ఇంట్లో గ్లాసుల్లేవు. ఇద్దరం దీంతోనే మంచినీళ్ళు తాగాం. నేను కడుగుతానని మా ఆయన లాక్కుని, జారవిడిచారు."

"సారీ చెప్పారా?" అంది పాప.

"ఎక్కడ! నువ్వే సరిగా అందించలేదన్నారు."

పిల్లలు గొల్లుమన్నారు. వారూ నవ్వారు. సొట్టలో పెట్టిన బొటనవేలు మాత్రం చాలాసేపు తీయలేదు.

వీడ్కోలు కానుకగా ఏమి కావాలని డైరెక్టరుగారు అడిగితే, "నా చెంబు ఇప్పించండి, చాలు," అన్నారు టీచరమ్మగారు. ఇంతకాలానికి నోరు తెరిచి అడిగినది అదొక్కటే. నియమాలు ఒప్పుకోవని మ్యూజియం పాలక సంఘంలో కొందరు తల అడ్డంగా ఊపగా, నాడు నంబరు వేసిన రిజిస్ట్రారుగారే లేచి టీచరమ్మగారి పక్షాన గట్టిగా మాట్లాడారు. అనుమతి వచ్చాక తన చేతులతోనే వార్నిషు గీకి, నంబరు చెరిపి ఇచ్చారు. నెలాఖరుదాకా మిగిలిన సెలవులు పెట్టేసి, ఆ సాయంత్రం గుడ్డసంచిలో చెంబుతో టీచరమ్మగారు గేటు దాటుతుంటే మేమంతా చప్పట్లు కొట్టాం.

మర్నాడు పొద్దున్నే, తలుపు తీయకముందే, అదే సంచితో వారు మెట్లమీద నిలబడి ఉన్నారు.

"ఏంటక్కా, ఏమైనా మర్చిపోయారా?" అన్నాడు కాపలాదారు.

"లేదు తమ్ముడూ. చెంబు ఇచ్చేద్దామని తెచ్చా."

"అదేంటక్కా! ఇన్నేళ్ళు దానికోసం ఎదురుచూసి..."

"నిన్న ఇంటికెళ్ళగానే కడుపునిండా నీళ్ళు తాగా. కడిగి బల్లమీద బోర్లించా. పొద్దున లేచి చూస్తే, పెట్టినచోటే ఉంది."

"అది ఇంకెక్కడికి పోతుందక్కా?"

"అదే చెప్తున్నా. ఇక్కడైతే పెట్టినచోట ఉండనిస్తారా ఆ పిడుగులు? ఒక్కదాన్నే ఉండటం నాకు అలవాటైపోయింది. దానికెందుకయ్యా ఆ శిక్ష?"

కాపలాదారు తలుపు తీశాడు. రిజిస్ట్రారుగారు విషయం విని, కుంచె తీసి, పాత నంబరే మళ్ళీ వేశారు. చెంబు ఇప్పుడు బల్లమీద పిల్లల చేతుల్లో ఉంది.

టీచరమ్మగారి కుమార్తెగారికి ఈ పుట చేరుతుంది గనుక ఒక మనవి. అమ్మకోసం గది సిద్ధంగా ఉంచామని మీరు ప్రతి ఆదివారమూ ఫోనులో చెబుతున్నారని, ఎవరికీ బరువు కాకూడదని వారు మాట దాటేస్తున్నారని మాకు తెలుసు. ఇకమీదట ఫోను చేయకండి, మీ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చి తీసుకెళ్ళండి. మన విద్యావిభాగానికి ఖ్యాతి తెచ్చిన విదుషీమణి, మృదుభాషిణి టీచరమ్మగారికి పరిపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు, మనశ్శాంతి కలగాలని సహోద్యోగులందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఇక మీదట వారుండే ఇంట్లో, రాత్రి పెట్టిన ఏ వస్తువూ తెల్లారేసరికి పెట్టినచోట ఉండకూడదని కోరుకుంటున్నాం.