వాలిన వంగ కొసలు

"అవ్వా, నువ్వు కాపరానికొచ్చినప్పుడు మందులు లేవంటివి గద, వంకాయల్లో పురుగును ఎట్ల ఆపుతాంటిరి?"

యాడి మందులు పాపా! పొద్దున్నే లేసి సూసుకోవడమే. మాది దేవనకొండ పక్క, మెట్ట సేన్లు. వంగసెట్టు ముఖమే తెలీదు నాకు. ఈడ ఎమ్మిగనూరు పక్కన మీ తాతోళ్లకు బాయి కింద తోట. అదంతా మా అత్త ఈరమ్మ సేతిలో ఉండె, ఎవుర్నీ కాలు పెట్టనీదు. ఎండాకాలం తెల్లారుతూనే పాత సట్టి పట్టుకోని సాలు సాలూ తిరుగుతాది. కొమ్మలోకి పురుగు దూరితే కొస వాలిపోతాది సూడు, దాన్ని తుంచి సట్టిలో ఏస్కొచ్చి పొయ్యిలో పెడ్తాది. పొద్దెక్కితే లాభం లేదు, ఎండకు అన్ని ఆకులూ వాల్తాయి, పురుగుదేదో ఎండదేదో తెలీదు.

నేనొచ్చిన రెండో ఎండాకాలం... కాదు, మూడోది, మీ పెద్దనాయన కడుపులో ఉన్నాడు గద... సట్టి ఉత్తదే వస్తాంది. "ఈ యేడు పురుగు లేదు" అంటాది. సంతోషపడ్తిమి. ఆదోని నుంచి కాయలు కొనే సాయిబు వచ్చి, మంచోడు పాపం, ఒక కాయ కోసి సూపిచ్చినాడు. లోపలంతా ఖరాబు. "ఇట్లయితే ఎట్లన్నా" అని గంపలు ఆడే పెట్టి పోయినాడు. మా మామకు కోపమొచ్చి, "ఇట్లే ఉంటే తోట పీకేస్తా" అన్నాడు. అత్త సట్టి తీస్కోని లోపలికి పోయె.

మర్నాడు సప్పుడు సెయ్యకుండా ఆమె యెనకాలే పోయినా. వాలిన కొస పక్కనుంచే పోతాది, సూడదు! నేను తుంచుకుంటా పోతాంటే ఒకటి టప్పుమనె. ఆమె నిలబడింది.

"ఎవురే?"

"నేనే అత్తా."

"ఎన్ని తుంచితివి?"

నేను ఒడిలోకి సూసుకుంటి.

"సెప్పే!"

"ఒడి నిండింది అత్తా."

గట్టు మీద కూలబడింది. "కండ్లు మసకలైపోయినాయే. ఉగాది కాన్నుంచీ సరిగ్గా కనపడ్లేదు. సెప్తే మీ మామ నన్ను మూలన కూసోబెడ్తాడు. ఈ తోట లేకుంటే నాకేముందే?" అని ఏడ్సె. అంత గట్టి మనిషి పాపా!

"సట్టి నువ్వు పట్టుకో అత్తా, నేను సూస్తా" అన్నా.

ఆ పొద్దునుంచి ఇద్దరమూ పోతాంటిమి. ఆకు తిప్పి సూడమనేది, యెనకాల పసుప్పచ్చ గుడ్లుంటాయి, నలిపెయ్యమనేది. పుచ్చిన కాయ సెట్టుకు ఉంచొద్దనేది. నేను ఎవురికీ సెప్పలేదు. కొన్నాళ్లకు కొత్త కాయ నిగనిగలాడె. అణాకు సెరుగు నిండా వంకాయలొచ్చే కాలం అది. సాయిబు మళ్లొచ్చి కాయలు కోసి కోసి సూసె, ఒక్కదాంట్లో పురుగు లేదు.

మా మామ నవ్వుకుంటా, "ఈరమ్మ కంటికి పురుగు తప్పిచ్చుకుంటాదా!" అన్నాడు. అందరూ ఉండారు ఆడ. అత్త నా సెయ్యి పట్టుకోని, "నాకు కండ్లు కనపడవయ్యా. సూసింది ఈ పిల్ల. నన్ను మూలన కూసోబెట్టినా సరే, తోట దీనికియ్యి" అనె.

మామ అత్త దిక్కు సూసె. "నిన్నెవురు కూసోబెడ్తారే? ఇద్దరూ పోండి" అన్నాడు, అంతే.

పోతానే ఉంటిమి పాపా. కడాకు అత్త నడవలేకపోయినా, గట్టు మీద కూసోని "యా సాల్లో ఉన్నావే?" అని అరుస్తాండె. అట్లాంటి అత్త నీకూ దొరకాల తల్లీ. సల్లగుండు...