సర్దుబాటు సారు సమ్మె ఆపిన వైనం

తల్లులొచ్చి పిల్లల్ని తీసుకెళ్ళిపోయాక, కేంద్రానికి తాళం వేసి అక్క ఎదురుగా ఉన్న టీకొట్టుకి వచ్చింది. అక్కంటే అక్కడి ఆయాలందరికీ అక్కే, వాళ్ళ యూనియన్‌కి అధ్యక్షురాలు కూడా. ఆమె వచ్చేసరికే సర్దుబాటు సారు మంచి ఊపు మీదున్నాడు. పనికెళ్ళే తల్లుల కోసం పేటవాళ్ళంతా కలిసి కమిటీ వేసుకుని నడుపుకునే ఆ పిల్లల కేంద్రంలో సిబ్బంది మంచిచెడ్డలు చూసే మేనేజరు ఆయన. ఏ తగువొచ్చినా "సర్దుకుందామమ్మా" అంటాడు గనక ఆ పేరు. మనసు వెన్న. మాటలు మాత్రం కోటలు దాటతాయి.

ఆ సాయంత్రం ఆయనకి కొత్త శ్రోత దొరికింది. పక్క పేటలో ఇలాంటి కేంద్రమే నడిపే కార్యదర్శమ్మ. అక్కడ ఆయాలు సమ్మెకి దిగారు. కేంద్రం మూతపడి, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పనుల్లోకి పోతున్నారు. సారు పేరు విని సాయం అడగడానికి వచ్చింది ఆవిడ.

"నాదేముందమ్మా, చిన్న సమ్మె. ఓ రోజు పొద్దున్నే నేనొచ్చేసరికి మన ఆయాలు వసారాలో బైఠాయించారు. పిడికిళ్ళు పైకెత్తి ఒకటే అరుపులు. ఎంతమందనుకున్నారు? ఎనిమిది మంది... ఊహూ, వంటవాళ్ళని కలుపుకుంటే ఎనభై!"

"మనకున్నది ఒక్క వంటమనిషి కదా సారూ?" అన్నాడు టీకొట్టు బాబాయ్.

"పక్క ఊళ్ళ నుంచి మద్దతుకొచ్చారయ్యా, అడ్డు రాకు. వీధి నిండిపోయింది, బస్సులాగిపోయాయి, ఆగిన బస్సుల్లోంచి కండక్టర్లు దిగి వాళ్ళూ కూర్చున్నారు, టిక్కెట్లు కొన్నవాళ్ళు ఊరికే ఉంటారా, వాళ్ళూ కూర్చున్నారు. ఆ అరుపులకి నీ కొట్లో గాజుగ్లాసులు ఒకదాన్నొకటి గుద్దుకుని చప్పట్లు కొట్టలేదూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి చెప్పండి," కార్యదర్శమ్మ ముందుకి జరిగింది.

"గేటు తీశాను. తీసి, ఒక్క దగ్గు దగ్గాను. అంతే, ముందు వరుస లేచి నిలబడింది. అప్పుడెత్తుకున్నానమ్మా ఉపన్యాసం! సూర్యుడు నడినెత్తిన ఆగిపోయి విన్నాడు, ఆ వేళ సాయంత్రమే కాలేదు. వాళ్ళ జెండా, గాలన్నదే లేదు, నా వైపు తిరిగి ఊగింది. ఇక ఏడుపులు చూడాలి! కన్నీళ్ళు వసారా నిండి, మెట్లు దిగి, వీధిలో మోకాలిలోతు పారితే, మన వ్యాను డ్రైవరు పిల్లల్ని పడవలో ఇళ్ళకి చేర్చాడు."

"చేర్చానండీ. తెడ్డింకా ఇంట్లోనే ఉంది," అన్నాడు డ్రైవరు టీ ఊదుకుంటూ.

అక్క నవ్వాపుకుంది. ఈ కథ ఆమెకి కొత్తది కాదు. ఎప్పటికప్పుడు ఇంకాస్త ఒళ్ళు చేస్తుందంతే. పడవ మాత్రం ఇవాళే దిగింది.

"మరి వాళ్ళ కోరికల సంగతి?" అంది కార్యదర్శమ్మ.

"ఒక్కటంటే ఒక్కటి ఒప్పుకుంటే ఒట్టు! ఇలా చూశాను, ఇదిగో, ఇలా. అందరూ 'మాకేమీ వద్దు బాబోయ్' అని లేచి, నా జీతం పెంచమని కమిటీ మీద సమ్మెకి కూర్చున్నారు! 'వద్దర్రా' అని వాళ్ళని బతిమాలి లేపేసరికి తాతలు దిగొచ్చారు."

కార్యదర్శమ్మ మొహం విప్పారింది. "మా కమిటీకి మీలాంటివారే కావాలి సారూ. వాళ్ళడిగేదల్లా కూర్చోడానికి కుర్చీలు, మధ్యాహ్నం కాసేపు విరామం. ఇస్తే నెత్తికెక్కుతారని మావాళ్ళ భయం. ఏమీ ఇవ్వకుండా లేపాలి. రేపే రండి."

అక్క నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆ ఆయాలదీ తన యూనియనే. చంటిపిల్లల వెంట రోజంతా నేల మీద కూర్చుని లేచే మోకాళ్ళ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకవైపు సారు పరువు, ఒకవైపు ఆ మోకాళ్ళు. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఏమనుకోకండి సారూ, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. అమ్మా, ఆ వేళ సమ్మే లేదు, గిమ్మే లేదు."

"ఆఁ?" అన్నాడు సారు. మిగతా అందరికంటే ముందు ఉలిక్కిపడింది ఆయనే.

"ఎవడో బుడతడు పాలగిన్నె తన్నేస్తే లోపలంతా ఫినాయిలు పోసి కడిగాం. నేల ఆరేదాకా పిల్లల్ని ఒళ్ళో వేసుకుని వసారాలో కూర్చున్నాం. ఊరికే కూర్చోడమెందుకని ఏనుగు పాట పాడిస్తున్నాం. చేతులెత్తింది తొండానికండీ, పోరాటానికి కాదు. సారు గేటు దగ్గరే చెమటలు కక్కుతూ 'కుర్చీలిస్తామమ్మా' అన్నారు. నేల తడిగా ఉందని చెబుదామని నోరు తెరిచాను. 'సరే, మధ్యాహ్నం విరామం కూడా' అన్నారు. అయ్యో అని మళ్ళీ తెరిచాను. 'జ్వరమొస్తే జీతంతో సెలవు' అన్నారు. తెరిచినప్పుడల్లా ఒకటి చొప్పున ఇస్తుంటే నేనెందుకు మూస్తానమ్మా?"

బాబాయ్ నవ్వులో పడి పాలు పొంగి పొయ్యిలో పోయాయి. డ్రైవరు బల్ల మీంచి జారి కింద కూర్చుండిపోయాడు.

"ఏనుగా?" అన్నాడు సారు నీరసంగా.

"ఏనుగే సారూ."

కార్యదర్శమ్మ మాత్రం నవ్వలేదు. "అవన్నీ ఇచ్చాక మీ కేంద్రం మునిగిపోలేదా?"

"ఎందుకు మునుగుతుందమ్మా? అంతకుముందు ఆయాలు వస్తూ పోతూ ఉండేవారు, పిల్లలు కొత్త మొహం చూసినప్పుడల్లా ఏడ్చేవారు. ఆ తర్వాత ఒక్కరు మానలేదు. కమిటీ దగ్గర ఆ మాటలన్నీ నిలబెట్టడానికి ఈయన పడ్డ తిప్పలు మేం చూశాం. కోతలు కోస్తే కోశారు గానీ, ఇలాంటి మేనేజరు మాకు మళ్ళీ దొరకడు."

సారు జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. పొగ ఎక్కువైందన్నాడు.

కార్యదర్శమ్మ కాసేపు ఆలోచించి, చెంగు సర్దుకుని లేచింది. "రేపు బండి పంపిస్తాను సారూ, తప్పకుండా రండి. అక్కా, మీరూ రావాలి."

"నేనెందుకమ్మా?"

"మీరేం మాట్లాడక్కర్లేదు. ఆయన పక్కన నిలబడి, ఊరికే నోరు తెరుస్తూ ఉండండి."