కిటికీ వైపు ఇచ్చేవారు, బీరువా వైపు పుచ్చుకునేవారు

1989 జూన్ 12వ తేదీన మా మత్స్య సహకార సంఘపు తాడేపల్లిగూడెం శాఖలో శ్రీమతి జాయ్సీ గారు టైపిస్టుగా అడుగుపెట్టారు. అన్ని అర్హతలూ ఉండి కూడా వారు సూపరింటెండెంటు కుర్చీలో ఆలస్యంగా కూర్చోవడానికి కారకులు అప్పటి మేనేజరు హనుమంతరావు గారు. పదవీ విరమణ అభినందన సంచికలో ఇటువంటి మాట తగదని కమిటీవారు అన్నారు. తగకపోవచ్చు, జరిగింది మాత్రం అదే. ఏడో తరగతితో బడి మాని, ఏలూరు ఆఫీసులో అటెండరుగా చేరి, వారి గది గుమ్మం దగ్గరే జుట్టు నెరిసినవాణ్ణి గనుక ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

మిషన్ బడి ఉపాధ్యాయుల ఇంట జన్మించి, ఆంగ్లంలో పట్టభద్రులైన జాయ్సీ గారికి, కవలపిల్లల్లా కనిపించే ఇంగ్లీషు మాటలను వేరుచేయడం ఉద్యోగధర్మం. స్టేషనరీ అని పలకడం ఒకటే గాని, ఒక్క అక్షరం మారితే కాగితాలూ కలాలూ కాస్తా కదలకుండా నిలిచిపోయిన వస్తువులవుతాయని కొత్త గుమాస్తాలకు బోధించేవారు.

"కదలని బండికి ఇండెంటు పెట్టేశానండి మేడమ్, మంజూరైపోతే ఎలాగండి?" అని వారిలో సుమన అనే అమ్మాయి ఒకనాడు బిక్కమొహం వేసింది.

"అందులో కూర్చుని స్పెల్లింగు నేర్చుకుందువుగాని లేమ్మా!"

2001లో ఏలూరు ప్రధాన కార్యాలయానికి వచ్చారు. చేపల చెరువు మీద అప్పు కావాలంటే ఇంగ్లీషు కౌలు పత్రం జతచేయాలి. అందులో లెస్సార్ అంటే చెరువు ఇచ్చేవారు, లెస్సీ అంటే పుచ్చుకునేవారు. రైతుకు రెండూ ఒకలాగే వినబడతాయి. అందుకు వారు చేసిన ఏర్పాటు రెండు బెంచీలు. ఇచ్చేవారు కిటికీ వైపు, పుచ్చుకునేవారు బీరువా వైపు. పార్టీలు చెప్పినట్టు కాదు, కాగితంలో ఉన్నట్టు కూర్చోబెట్టేవారు. కూర్చోకపోతే ఫైలు కదిలేది కాదు.

కొల్లేటికోట రైతు యోసేపు గారిని చెరువుల వ్యాపారి లక్ష్మీకాంతం గారు తయారుచేసిన పత్రంతో సహా వెంటబెట్టుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

"కూర్చునే తీరిక లేదు మేడమ్, బయట కారు ఆగి ఉంది."

"ఆగమన్నది కారునే కదండీ, దానికేం తొందరండి? మీరు కిటికీ వైపు రండి. యోసేపు గారూ, మీరు బీరువా దగ్గరండి."

యోసేపు గారు కూర్చున్నారు, అటూ ఇటూ చూసి లేచి నిలబడ్డారు. "ఏవండీ మేడమ్ గారూ, చెరువు తవ్వించింది నేనండి. గట్టు మీద కొబ్బరి మొక్కలు మా మణెమ్మ వేసిందండి. నేను పుచ్చుకోవడమేంటండి?"

"టైపులో పొరపాటండి, సర్దుకుందాం" అన్నారు లక్ష్మీకాంతం గారు.

"సర్దుకోవలసింది మీరేనండి. లేచి అటు వెళ్ళండి."

సంతకం పడి ఉంటే సొంత చెరువుకే యోసేపు గారు కౌలుదారు అయ్యేవారు. జాయ్సీ గారు అప్పటికప్పుడు వేరే పత్రం స్వయంగా టైపు చేసి ఇచ్చారు. ఆ నెలలోనే హనుమంతరావు గారి సంతకంతో వారికి నల్లజర్ల బదిలీ వచ్చింది, గదిలోంచి బెంచీలు తీసి కూలరు పెట్టారు. వారు మాత్రం నల్లజర్లలోనూ రెండు బెంచీలు వేయించుకున్నారు. సూపరింటెండెంటుగా తిరిగి వచ్చాక కూలరును వరండాలోకి పంపించి, అన్ని శాఖలకూ బెంచీల ఉత్తర్వు ఇప్పించారు. ఇన్నేళ్ళ సేవలో వారి చేతిమీదుగా వెళ్ళిన ఏ పత్రం వల్లా ఏ రైతూ కోర్టు మెట్లెక్కలేదని గర్వంగా చెప్పగలను.

జాయ్సీ గారికీ, వారి భర్త హెన్రీ గారికీ భగవంతుడు నిండు ఆరోగ్యాన్నీ, దీర్ఘాయువునూ ప్రసాదించాలనీ, విశ్రాంతి కాలంలోనూ వారి గుమ్మం మావంటివారికి తెరిచే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాను. వారి విలువ నాకెలా తెలుసునంటారా, వారు నల్లజర్లలో ఉన్న కాలంలోనే మా పెదనాన్న కొడుకు వరదానం తెచ్చిన ఇంగ్లీషు కౌలు పత్రం మీద, ఆ కూలరు పక్కన నిలబడి నేనూ సంతకం పెట్టాను. పోయింది నా సొంత చెరువు, ఎకరం ముప్పై రెండు సెంట్లు.