పుణ్యవతి తానాల పీట

కిరణ్ పాల్ బిడ్డా, నేను మోషే తాతను. మీ అమ్మ రెబెక్కా కూసుండి తానం చేసెతందుకు బాత్రూంలకు పీట చేస్తున్నవంట కద, ఏ చెక్క నీళ్లకు ఆగుతదని అడిగినవంట. రాసుడు నాకు రాదు. బోరబండల సాయమ్మ చాయ్ బండి కాడ కూసుండి ఫోన్ల మాట్లాడి పంపుతున్న. జర మొత్తం ఇను.

పోయిన వానకాలం నా పెండ్లాం పుణ్యవతికి మోకాళ్లు పట్టేసినయి. నేనప్పుడు కోకాపేటల వాచ్‌మెన్‌ను. ఫ్లాట్లల్ల చెక్కపని అయినంక ముక్కలు పారేస్తరు. ఆమెకు తానాల పీట చేద్దామని నాలుగు ఏరుకొచ్చిన. ఒకటి పొట్టు అతికించి చేసిన చెక్క, మూడు ప్లైలు. ఒక ప్లై మామూల్ది, ఒకటి తేమకు ఆగుతదంట, ఒకటి పడవలకు ఏసేదంట. సూస్తే మూడూ ఒక్కతీరే. అందుకే వరసగ ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు పెట్టి, అన్నీ బకెట్ల నానేసిన.

తెల్లారి ఏమైందో ఎరికేనా? పొట్టుచెక్క పూరీ లెక్క పొంగింది!

"పూరీ అంతనేనా?" ఇగో, ఆటో వెంకటరమణ అంటున్నడు.

పూరీ అంటే మొదలు రా! పొద్దుగూకెవరకు బకెట్ పలగ్గొట్టింది. తెల్లారి బాత్రూం తలుపు తెరవనియ్యలే. మూడోనాడు కిటికీలకెళ్లి బయటికొచ్చి పట్టాల దిక్కు పోతుంటె, రైలు ఆపి డ్రైవరు దిగి "ఎవరిదయ్యా గీ చెక్క?" అని మొత్తుకున్నడు.

"రైలు ఎన్నడాగింది మోషన్నా? నేను దినాం గీడనే ఉంట కద."

నీ చాయ్ పొంగుతుంది, గది సూస్కో సాయమ్మా. ఇగ రెండు ప్లైలు పరోటా లెక్క పొరలు పొరలు ఇడిసినయి. ఒక్కటి మిగిలింది. మూడు నెలలు నానబెట్టిన, చుక్క తాగలే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దవాన పడి గల్లీల నీళ్లొస్తే, ఆ జానెడు ముక్క మీద నేను, పుణ్యవతి, మా మేక ఎక్కి ప్రగతి నగర్ చెరువు దాక పోయినం. చేపలు జరిగి తొవ్వ ఇచ్చినయి. పుణ్యవతి దాని మీదనే పొయ్యి ముట్టించి చేపల పులుసు పెట్టింది. ఇంటికొచ్చి అడుగు ముట్టి సూస్తే దుమ్ము బిడ్డా! తడి కాదు, దుమ్ము!

"సరే గని, మిగిలింది ఏ చెక్క? పిలగాడు అడిగింది గదే కద. ఎన్ని గీతలది?"

గీతలు... ఉండు వెంకటరమణా.

"గీతలు దేంతోని పెట్టినవ్ అన్నా?"

చాక్‌పీసుతోని, సాయమ్మా.

"నీళ్లల్ల ఏసే ముక్కకు చాక్‌పీసా!"

అందరు నవ్వుతున్నరు బిడ్డా, ఇనపడుతుందా? నవ్వనియ్. పుణ్యవతి గూడ గిట్లనే నవ్వింది. "కొత్త ముక్కలు తెచ్చి, అదే లెక్కన మేకుతోని గాట్లు పెట్టి మల్ల నానెయ్యి" అన్నది. ఏసిన. గంతట్లనే ఆమె పోయింది. ఆ బకెట్ల చెయ్యి పెట్ట మనసు రాలే.

"ఇంకా గట్లనే ఉన్నదా? లే అన్నా, ఆటో ఎక్కు."

...

బిడ్డా, మల్ల నేనే. ఇంటికాడ ఉన్న. బకెట్ల చెయ్యి పెట్టిన. ఒక్కటే గట్టిగున్నది. ఏలుతోని తడిమి లెక్కవెట్టిన, మూడు గాట్లు. పడవలకు ఏసేది. ఈసారి దుమ్ము లేదు, తడిగనే ఉన్నది. గని ఉబ్బలే.

పీటకు గదే పెట్టు. ఇయ్యాల్నే చెయ్యి. మీ అమ్మను ఇంకొక్క దినం గోడ పట్టుకొని తానం చెయ్యనియ్యకు.